వేగంగా నడిచేవాడి వెనకాల

ఈ టెర్మినల్‌లో దారి తప్పడం అసాధ్యమని విమాన సంస్థవారు సగర్వంగా ప్రకటించారు. ఆ ప్రకటనను తప్పిపోయినవాళ్ళు చదువుకోవడానికి వీలుగా ప్రతి మలుపులోనూ అంటించారు.

తూర్పు నుంచి పడమరకి వెళ్ళేవాడైనా, పక్క ఊరికి వెళ్ళేవాడైనా ఆ సంస్థ విమానం ఎక్కితే ముందు ఇక్కడ దిగాలి, కాసేపు తప్పిపోవాలి, ఆ తర్వాతే ఇంకో విమానం ఎక్కాలి. నలభై ఒకటో గేటు నలభయ్యో గేటు పక్కనే ఉంటుందనుకోవడం బడిలో నేర్చుకున్న మూఢనమ్మకం. దారులన్నీ, ప్రయాణికుల సౌకర్యార్థం, ఒకే సెంటు దుకాణం మధ్యలోంచి వేశారు. తిన్నగా వెళ్ళమని చెప్పే బాణాలు ఆకాశంకేసి చూపిస్తాయి. వాటిని నమ్మి పై అంతస్తుకి ఎక్కినవాళ్ళకు అక్కడ కిందికి చూపించే బాణాలు సిద్ధంగా ఉంటాయి. మర్యాదకు లోటు లేదు.

ఇలాంటి చోట ఒక కొత్త జంట దిగింది. పెళ్ళి తంతు ముగిసి, చుట్టాల చూపులు తప్పించుకుని, మొదటిసారి ఇద్దరే బయల్దేరారు. వెళ్ళాల్సింది సముద్రం మధ్యనున్న ఒక దీవికి. ఆ దీవికి వారానికి ఒక్కటే విమానం. అది తప్పితే హనీమూన్ ఈ ఇనుప కుర్చీల్లోనే.

కొత్త ఇల్లాలు భూగోళశాస్త్రం చదువుకుంది. మొదటి మలుపులోనే బోర్డు చూసింది. దీవి విమానం ఎడమవైపని రాసి ఉంది. శ్రీవారు కుడివైపు తిరిగారు.

"ఏమండీ, బోర్డు మీద ఎడమ అని ఉంది."

"బోర్డులు తెలియనివాళ్ళకి రాస్తారు. నువ్వు రా."

"పోనీ ఎవర్నైనా అడుగుదామా?"

"అడిగితే మనకి తెలీదని తెలిసిపోదూ?"

దీనికి ఆవిడ దగ్గర జవాబు ఉంది. కానీ ఆయన వడివడిగా నడుస్తుంటే నడినెత్తిన ఒక జుట్టు పాయ కోడిజుట్టులా ఎగిరెగిరి పడుతోంది. అది చూడముచ్చటగా ఉంది. కొత్త కాపురంలో ముచ్చటకీ, భూగోళానికీ పోటీ పెడితే భూగోళం గెలిచిన దాఖలాలు లేవు.

అదే విమానం దిగి, అదే దీవికి వెళ్ళాల్సినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళంతా బోర్డు ముందు నిలబడి చదువుతున్నారు. ఇంతలో వాళ్ళ పక్కనుంచి శ్రీవారు దూసుకుపోయారు.

"ఆ నడక చూశారా? తెలిసినవాడి నడక!" అన్నారు ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు.

ఆయన పక్కన ఇద్దరు తోడికోడళ్ళు ఉన్నారు. "అక్కా, బోర్డు ఎడమ అంటోందే?" అంది చిన్నావిడ.

"బోర్డు నడుస్తోందేంటే? నడిచేది ఆ అబ్బాయి. పద పద!" అంది పెద్దావిడ.

సగం విమానం శ్రీవారి వెంట నడిచింది. వెనక అంతమంది వస్తున్నారని గమనించాక ఆయన ఇంకా వేగం పెంచారు. తప్పుదారిలో ఉన్నప్పుడు నెమ్మదిస్తే అనుమానం వస్తుంది.

నడవా చివర మగవాళ్ళ మరుగుదొడ్డి తప్ప ఇంకేమీ లేదు. వెనక్కి తిరగడం నాయకత్వ లక్షణం కాదు గనక ఆయన తలెత్తుకుని లోపలికి వెళ్ళారు. మగవాళ్ళంతా వెళ్ళారు. కాసేపటికి అంతా గంభీరంగా బయటికొచ్చారు. "ముందుచూపంటే అదీ! విమానంలో వరస పెద్దగా ఉంటుంది," అని హెడ్మాస్టరుగారు బయట ఉన్న ఆడవాళ్ళకు వివరించారు.

సెంటు దుకాణంలోంచి రెండోసారి వెళ్ళినప్పుడు అక్కడి అమ్మాయి చుట్టాలొచ్చినట్టు నవ్వింది. మూడోసారి కుర్చీలు వేయించబోయింది. అప్పుడు కాస్త గుసగుస మొదలైంది. శ్రీవారు సామాన్ల బండి మీదికెక్కారు.

"సోదర సోదరీమణులారా! మనం దారి తప్పలేదు. దారిని అన్ని వైపులనుంచీ పరిశీలిస్తున్నాం. ఇంతదూరం వచ్చినవాళ్ళం, ఇప్పుడు బోర్డులు చదివి మన ఐక్యతను చెడగొట్టుకుందామా?"

"వద్దు!" అన్నారంతా.

అంతలో దీవి విమానానికి ఆఖరి పిలుపు అని మైకులో వినిపించింది. శ్రీవారి జుట్టు పాయ ఎగరడం మానేసింది. బండి మీద నుంచి దిగుతుంటే ఆయన మొహం పరీక్ష తప్పిన పిల్లాడిలా ఉంది. ఇల్లాలి మనసు చివుక్కుమంది. మోచెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది. "ముందుకెళ్ళి ఎడమ, తర్వాత మళ్ళీ ఎడమ. ఊరికే నడవండి, నేనున్నాగా."

"ఎడమవైపు!" అని ఆయన గర్జించారు. "నేను మొదట్నుంచీ అనుకుంటున్నదే!"

అందరూ పరుగెత్తారు. గేటు దగ్గర తలుపు ఇంకా తెరిచే ఉంది. టికెట్లు చూసే ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఒకరిద్దరైతే ఎప్పుడో వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళం. సగం విమానం మాయమైపోతే ఏం చేస్తాం? చచ్చినట్టు ఆగాం!"

హెడ్మాస్టరుగారు గిర్రున వెనక్కి తిరిగారు. "విన్నారా? ఈ బాబు మనందర్నీ ఇలా తిప్పకపోతే విమానం వెళ్ళిపోయేది!"

ఈ తర్కంలో ఎవరికీ లోపం కనిపించలేదు. శ్రీవారికి అసలే కనిపించలేదు. ఆయన వినయంగా తల వంచారు.

విమానంలో మిగతా సగం మంది బోర్డు చూసుకుని, వేళకే వచ్చి, నడుముకి బెల్టు బిగించుకుని ఇంతసేపూ ఉక్కపోతలో కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు వాళ్ళకేసి జాలిగా చూశారు. "అయ్యో పాపం, మీకు దారి చూపించేవాళ్ళెవరూ దొరకలేదా?"

తోడికోడళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. వెంట వచ్చినవాళ్ళంతా కొట్టారు. వేళకి వచ్చినవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే కొట్టారు. చుట్టూ అందరూ కొడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం మనకు మాత్రం అలవాటా?

అందరికన్నా గట్టిగా కొట్టింది కొత్త ఇల్లాలు. విమానమంతటిలో అసలు సంగతి తెలిసింది ఆవిడ ఒక్కదానికే.