నేల మనిషికి ఎర్తింగ్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆఫీసుల్లో ఇకమీదట ఒక్క కంప్యూటర్ కూడా స్టాటిక్ కరెంటు వాత పడబోదని డిజిటల్ రక్షణ కమిటీ చైర్మన్ ప్రభాకర్ గారు ఘనంగా ప్రకటించారు. ఆ ప్రకటనను నిజం చేసే నోడల్ అధికారిగా శశిధర్‌ను నియమించారు.

ఈ పదవికి శశిధర్‌కున్న అర్హత ఒక్కటే. కిందటి వారం సూర్యాపేట ఆఫీసులో కంప్యూటర్ పెట్టె విప్పి, పాలిస్టర్ చొక్కాతో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, మెమరీ కార్డును వేళ్లతో పట్టుకున్నాడు. చిటుక్కుమంది. కార్డు పోయింది.

"మన ఆఫీసర్లల్ల గీ నష్టం మీద అనుభవం ఉన్నోడివి నువ్వొక్కడివే" అన్నారు ప్రభాకర్ గారు.

కాదనడానికి శశిధర్‌కు నోరు రాలేదు. ఇన్నేళ్లలో అతనికి వచ్చిన ప్రమోషన్లన్నీ నోరు రాకపోవడం వల్ల వచ్చినవే.

ఈసారి మాత్రం శ్రద్ధగా చదివాడు. ఒంట్లో పోగైన కరెంటు చిప్పులోకి దూకకముందే దాన్ని నేలలోకి పంపేయాలి. అందుకు చేతికో పట్టీ, పట్టీకో తీగ, తీగ చివర క్లిప్పు. క్లిప్పును ఎర్తింగ్‌కు తగిలించాలి. ఇదంతా అద్దం ముందు చెప్పుకుంటే తనకు తానే మేధావిలా కనిపించాడు.

కోదాడలో ఆదాయం సర్టిఫికెట్లిచ్చే ఆఫీసులో తొలి ప్రదర్శన పెట్టారు. కొత్త మెమరీ కార్డును చైర్మన్ గారే స్వహస్తాలతో బిగిస్తారు. అప్పటికే కార్యకర్తలు ఆయనకు నైలాన్ శాలువాలు కప్పారు. కదిలినప్పుడల్లా అవి చిటపటమంటున్నాయి.

"సార్, శాలువాలు జర తీసేస్తే..." అన్నాడు శశిధర్.

"సన్మానం తీసెయ్యమంటున్నవా?"

"కాదు సార్. కరెంటు పోగైతది."

"నన్ను సూస్తేనే జనానికి కరెంటు పుడతది. అది గూడ తప్పేనా?"

శశిధర్ తన శాస్త్రాన్ని వెనక్కి తీసుకుని, ఆయన చేతికి పట్టీ కట్టాడు. నినాదాలు మోగాయి.

"ఈ క్లిప్పు యాడ పెట్టాలె?" అడిగారు ప్రభాకర్ గారు.

"ఎర్తింగ్‌కండి" అంది ఆ ఆఫీసు టెక్నీషియన్ స్వరూప. "కానీ ఇక్కడ ఎర్తింగ్ గుంత తవ్వలేదండి. గుంతకు శంకుస్థాపన చేసిన శిలాఫలకం మాత్రం ఉందండి."

"ఎవరు చేసిన్రు?"

స్వరూప ఆయన వైపే చూసి, తల దించుకుంది.

ఆపేద్దాం సార్ అన్న మాట శశిధర్ నాలుక దాకా వచ్చింది. అలవాటు ప్రకారం మింగేశాడు.

"నేను నేల నుంచొచ్చిన లీడర్ని" అన్నారు ప్రభాకర్ గారు. "నాకంటె పెద్ద ఎర్తింగ్ ఏడుంటది? నాకే పెట్టు."

శశిధర్ క్లిప్పును ఆయన బెల్టుకే తగిలించాడు. ఆయన దగ్గర బయల్దేరిన తీగ క్షేమంగా ఆయన దగ్గరికే చేరింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కార్డును తాకగానే మిణుక్కుమని ఓ మెరుపు మెరిసింది. కార్డు బిగించి స్విచ్చేసినా స్క్రీన్ మాత్రం వెలగలేదు.

"వెలుగు కనవడ్డదా?" అడిగారు ప్రభాకర్ గారు.

"కనవడ్డది సార్" అన్నాడు శశిధర్. ఆ రోజు అతను ధైర్యంగా చెప్పిన నిజం అదొక్కటే. మర్నాడు పేపర్లలో 'చైర్మన్ స్పర్శతో కోదాడలో వెలుగు' అని వచ్చింది.

ప్రదర్శన ముగించుకుని కారులో తిరిగొస్తున్నప్పుడు మాత్రం ప్రభాకర్ గారు కాస్త దిగులు పడ్డారు. "మిర్యాలగూడల గూడ గిట్లనే అయితే పరేషానే గదనయ్యా."

శశిధర్‌కు జీవితంలో తొలిసారి సొంత ఆలోచన ఒకటి వచ్చింది. "ముట్టుకుంటేనే గద సార్ పోయేది. ముట్టుకోకపోతే?"

ఆ వారమే మూడు ఊళ్ల కంప్యూటర్లను ఇనుప బీరువాల్లో పెట్టి తాళాలు వేశారు. ఆ తర్వాత ఒక్క కార్డు కూడా పోలేదు. మిర్యాలగూడలో పెద్ద సభ పెట్టి శశిధర్‌కు ఉత్తమ నోడల్ అధికారి అవార్డు ఇచ్చారు. తనను తాను ఎంత వెటకారం చేసుకుందామన్నా, ఆ చప్పట్లకు అతని ఛాతీ పొంగింది.

వేదిక దిగగానే వేములపల్లి నుంచి వచ్చిన సత్తమ్మ అనే ముసలావిడ ఎదురైంది.

"మనవరాలి కాలేజీకి ఆదాయం సర్టిఫికెట్ అడుగుతున్రు సారూ. రేపే ఆఖరు. కంప్యూటరేమో బీరువల ఉన్నదంటున్రు. అది పనిచేస్తదా?"

"చెడిపోదమ్మా" అన్నాడు శశిధర్, ఎంతో భరోసాగా.

సత్తమ్మ కాగితాలు సంచిలో పెట్టుకుంది.

"మంచిది సారూ. మీరు గూడ గట్లనే చెడిపోకుండ ఉండుండ్రి" అని, బస్టాండు వైపు నడిచింది.