పసుపు గొడుగు వెనక నలభై ఇద్దరు

మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు మా ద్వీపానికి ఒక మహానౌక విచ్చేసి, సాయంత్రం ఐదు వరకు ఇక్కడే ఆగి, మమ్మల్ని ధన్యుల్ని చేసి వెళ్ళిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అది పదకొండు అంతస్తుల ఓడ. మా ఊళ్ళో రెండంతస్తుల మేడ ఉన్న ఏకైక పెద్దమనిషి ఆ రోజు కిటికీలు మూసుకుని కూర్చున్నాడు. ఓడ ముందు మేడ ఓడింది.

ఓడ దిగేవాళ్ళకు నియమాలుంటాయి. జట్టుకో రంగు. చొక్కాలకు పసుపు బిళ్ళలు అంటించుకున్న నలభై ఇద్దరికి ఇచ్చిన కాగితంలో మూడే సూత్రాలున్నాయి. పసుపు గొడుగు ఎటు పోతే అటు పోవాలి. గొడుగును దాటి పోరాదు. గొడుగు పట్టినవారిని ప్రశ్నలతో విసిగించరాదు. ఇంత స్పష్టమైన రాజ్యాంగం చాలా దేశాలకే లేదు.

ఆ గొడుగు పట్టాల్సిన అసలు గైడు ఎండా లేదు, వానా లేదు కదా అని గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, రేవు గేటు పక్కన టీ కొట్టులో కూర్చున్నాడు. జట్టే తనను వెతుక్కుంటూ వస్తుందని అతని ధీమా. సరిగ్గా అప్పుడే, విప్పిన పసుపు గొడుగుతో, మా వాచీల మేస్త్రీ రేవు రోడ్డెక్కాడు.

ఇతగాడి సంగతి కొంత చెప్పాలి. ఊళ్ళో ఆగిపోయిన గడియారాలన్నిటికీ ప్రాణం పోసిన ఈ మహానుభావుడు, భార్య గొడుగు బాగుచేస్తానని చెప్పి మూడు వానాకాలాలు గడిపేశాడు. చివరికి గొడుగు కాస్తా గొడవైంది. ఆవిడ తడిసింది, దగ్గింది, పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్ళింది. సముద్రానికి అలలున్నట్టే సంసారానికి అలకలని అతను మొదట తేలిగ్గా తీసుకున్నాడు. పదో రోజున మామగారు కబురు పంపారు. మంగళవారం పన్నెండు లోపు వచ్చి తప్పయిందని చెప్పాలి. లేదా అమ్మాయి పన్నెండున్నర లాంచీలో అవతలి ఒడ్డుకు, అక్కగారింటికి పోతుంది. అక్కడ కుట్టు పని కూడా కుదిరింది. మళ్ళీ రాదు.

మేస్త్రీ సోమవారమంతా కొట్టు మూసి గొడుగు బాగుచేశాడు. ఇప్పుడది చక్కగా తెరుచుకుంటుంది. మూసుకోవడమే లేదు. అందుకని విప్పిన గొడుగుతోనే బయల్దేరాడు.

నలభై ఇద్దరూ వెంట నడిచారు. అతను ఆగితే ఆగారు. వెనక్కి తిరిగితే ఫొటో తీశారు.

అత్తవారింటికి మాసిన గడ్డంతో పోకూడదని అతను సెలూన్లో దూరాడు. వాళ్ళూ దూరారు. పట్టనివాళ్ళు అద్దాలకు ముక్కులు ఆనించారు.

"ఎవర్రా వీళ్ళంతా?" అన్నాడు సెలూన్ ఓనరు, కత్తి గాల్లో ఆపి.

"నాకేం తెలుసు? నువ్వు గీయి. పన్నెండు లోపు పోవాలి."

జట్టులో ఒక రిటైర్డు హెడ్మాస్టరు ఉన్నాడు. నోటుపుస్తకం తీసి, "ఈ కళ మీ వంశంలో ఎన్ని తరాలుగా వస్తోంది?" అని ఓనరును అడిగాడు. గొడుగు పట్టినవారిని అడగకూడదు గానీ కత్తి పట్టినవారిని అడగకూడదని ఎక్కడా లేదు.

"కళేంటండీ బాబూ, గడ్డం."

'కళాకారులు వినయసంపన్నులు' అని ఆయన రాసుకున్నాడు. ఎడమ చెంప పూర్తి కాగానే చప్పట్లు మోగాయి. ఓనరు వంగి దండం పెట్టి, కుడి చెంపకు అరగంట తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో అతనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు పాపం.

వీళ్ళను వదిలించుకోవాలని మేస్త్రీ మున్సిపల్ ఆఫీసు ముందు గుమ్మంలో దూరి వెనక గుమ్మంలోంచి జారుకోవాలని చూశాడు. మంచి ఆలోచనే. కానీ అంత జనం ఒక్కసారిగా లోపలికి రావడం చూసి, తనిఖీ బృందమనుకున్న ఛైర్మన్‌గారు మేల్కొన్నారు. మేస్త్రీని బృంద నాయకుడిగా గుర్తించి, పక్క కుర్చీలో కూర్చోబెట్టి, భుజమ్మీద చెయ్యి వేసి మరీ ఉపన్యసించారు.

"అతిథులారా, మీరు చూస్తున్న ఈ బీరువా సామాన్యమైనది కాదు. ఇందులో పెట్టిన కాగితం నేటి వరకు ఒక్కటి పోలేదు. బయటికి వచ్చిందీ లేదు. పారదర్శకత మా విధానం కాబట్టి దీనికి అద్దాల తలుపులు పెట్టించాం. తమ అర్జీ లోపల ఎలా పడి ఉందో ఏ పౌరుడైనా, ఏ పనిదినాన్నైనా వచ్చి కళ్ళారా చూసుకోవచ్చు."

నలభై ఇద్దరూ బీరువాతో ఫొటో దిగారు. భుజమ్మీద చెయ్యి లేచేసరికి పన్నెండు కావడానికి ఐదు నిమిషాలుంది.

మేస్త్రీ పరుగు లంకించుకున్నాడు. జట్టూ పరిగెత్తింది. 'కార్యక్రమంలో వ్యాయామం కూడా కలదు' అని హెడ్మాస్టరు పరిగెత్తుతూనే రాశాడు. రాత అలల్లా వచ్చింది.

అత్తవారింటి ముందు తోపుడు బండి మీద పెట్టె ఎక్కి కూర్చుంది. భార్య చెప్పులు తొడుక్కుంటోంది. గోడ గడియారం పన్నెండూ పది. దాన్ని బాగుచేసింది కూడా అల్లుడే కనక తప్పు చూపిస్తోందనడానికి వీల్లేదు.

"అల్లుడుగారికి ఇప్పుడు తెల్లారిందా?" అన్నారు మామగారు. తర్వాత వెనక చూశారు. "ఇంతమందిని వేసుకొచ్చావేంటయ్యా? దెబ్బలాటకా?"

"నాకు సంబంధం లేదు మావయ్యా. పొద్దుట్నుంచీ వెంటపడుతున్నారు," అన్నాడు మేస్త్రీ.

"ఇదుగో, నీ గొడుగు," అని అతను భార్యకు అందించాడు.

ఆవిడ మూయబోయింది. మూసుకోలేదు. "బాగుచేశారన్నమాట," అంది.

మేస్త్రీ తల దించుకుని, గొణుగుతున్నట్టుగా, "తప్పయింది," అన్నాడు.

"వెనక వరసకి వినపడలేదండీ," అందొక టోపీ ఆవిడ. "ముందున్నవాళ్ళు కాస్త కూర్చోండమ్మా."

"తప్పయింది," అన్నాడతను కొంచెం గట్టిగా.

"అయ్యో, నా కెమెరా ఆన్ అవలేదు. ఏమనుకోకుండా ఇంకొక్కసారి," అన్నాడు బొద్దుగా ఉన్నాయన.

"తప్పయిందే. మూడు వానాకాలాలు నిన్ను తడిపాను. బుద్ధి తక్కువై చేశాను."

"ఈ పక్కకి తిరిగి చెప్తే వెలుతురు బాగుంటుంది."

అతను ఆ పక్కకి తిరిగి చెప్పాడు. పదకొండేళ్ళ కాపురంలో ఒక్కసారీ విననిమాట ఆవిడ నిలబడ్డచోటే నాలుగుసార్లు వింది. అయిదోసారి అతను ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఆవిడ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"పెట్టె దించండి నాన్నా. కాదు, దించొద్దు. మా ఇంటివైపు తిప్పండి."

చప్పట్లు రేవు దాకా వినిపించాయి. టీ కొట్టులో గైడు ఎనిమిదో టీ తాగుతూ, ఎవరికో సన్మానం కాబోలనుకున్నాడు.

ఓడెక్కాక జట్టు అభిప్రాయాలు రాసింది. యాత్ర అత్యుత్తమమని నలభై ఇద్దరూ ఏకగ్రీవంగా తేల్చారు. భర్త నటన సహజంగా ఉందనీ, భార్య మాత్రం తొందరగా మెత్తబడిందనీ, ఇంకో పావుగంట బిగుసుకుని ఉంటే రక్తి కట్టేదనీ సూచించారు. ఓడ కంపెనీ వెంటనే స్పందించింది. ఇకపై ప్రతి మంగళవారం పదకొండున్నరకు మేస్త్రీ దంపతులు విధిగా రాజీ పడాలి. అందుకోసం సోమవారం సాయంత్రంలోగా తగవు పడి ఉండాలి. కారణం కుదరని వారాల్లో కంపెనీయే ఒకటి పంపుతుంది.

ఈ ఏర్పాటు మీద ఆ దంపతుల వీధివాళ్ళం మున్సిపాలిటీకి ఒక అర్జీ పెట్టుకున్నాం. అన్నం మాడుతున్నా లెక్కచేయక, గోడ మీద గడ్డం ఆనించి, పదకొండేళ్ళుగా ఆ ఇంటి తగవుల్ని శ్రద్ధగా చూసింది మేం. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ముందు నిలబడితే ఊరుకుంటామా? కాబట్టి మొదటి వరస కుర్చీలు మాకే కేటాయించాలని కోరాం. మీ వీధిలోనూ ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది, మా బాధ మీకు వేరే చెప్పక్కర్లేదు. అతిథులకు ఇబ్బంది కలక్కుండా అర్జీ చివర ఒక హామీ కూడా చేర్చాం. రాజీ మొదలవగానే మేం లేచి ఇళ్ళకు పోతాం గనక, అక్కణ్ణించి ఆ కుర్చీల్లో ఎవరైనా కూర్చోవచ్చు.