ప్రకృతి విభాగంలో గోడ

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బు పట్టింది గానీ, దానికి కురిసే ఉద్దేశం ఉన్నట్టు కనపడలేదు. ఆ మబ్బు కింద, మా ఫొటోగ్రఫీ క్లబ్బు మెట్ల మీద నిలబడి, కార్యదర్శి అయిన మా బావ చరిత్రాత్మక ప్రకటన చేశాడు. ఈ ఏడాది పోటీలో నాలుగు విభాగాలు, వాటికి సరిపడా నిబంధనలు. బహుమతులిచ్చేది సాక్షాత్తూ మంత్రిగారు.

క్లబ్బు గది సర్కారువారిది. నెలాఖరుకి గడువు తీరుతుంది. మంత్రిగారు ఊ అంటే ఉంటాం, లేదంటే రోడ్డున పడతాం. మా అక్క ముందే చెప్పేసింది: "ఆ గది పోతే ఆ డబ్బాలూ స్టాండ్లూ నా ఇంటికి తేవద్దు. తెస్తే వాటితోపాటు మీరూ బయటే."

ప్రకృతి విభాగానికి నేను మా మేక ఫొటో ఇచ్చాను. న్యాయనిర్ణేత పళ్ళ డాక్టరుగారు. భూతద్దం పెట్టి చూశారు.

"మెడలో తాడుంది."

"మేక కదండీ, ఉంటుంది."

"ప్రకృతిలో మనిషి చేసిన వస్తువు కనపడకూడదు. రూలు. మేక నిలుస్తుంది, తాడు నిలవదు."

"తాడు లేకపోతే మేక నిలవదండీ."

తీసి పక్కన పడేశారు. అంతటి నిష్పక్షపాతం నేనెక్కడా చూడలేదు.

మర్నాడు మంత్రిగారి ఆఫీసు నుంచి కవరొచ్చింది. లోపల ఒకే ఒక్క ఫొటో. బీటలు వారిన గోడ, బీటలోంచి ఓ మొక్క.

"మంత్రిగారు పోటీకి పంపారు," అన్నాడు బావ. "గది దక్కినట్టే."

"గోడ మనిషి కట్టిందే కదా బావా?"

"నువ్వు వెళ్ళి మేకని చూసుకోరా."

డాక్టరుగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "పళ్ళూ ఇంతేనండీ. గట్టిగా ఉన్నంతవరకే మనవి. కదలడం మొదలయ్యాక ప్రకృతివి."

అలా నిబంధనకి సవరణ పుట్టింది: తనంతట తాను కూలబోయే గోడను ప్రకృతిగా పరిగణించవలెను.

"కూలుతుందని గ్యారంటీ ఏంటి?" అన్నాడు పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. అతని పిట్ట ఫొటో కూడా పోటీలో ఉంది.

"మనమే ఇద్దాం. మనకంటే చూసే కళ్ళు ఎవరికున్నాయి?" అన్నాడు బావ.

ఇచ్చాం. 'ఈ గోడ నేడో రేపో కూలుట తథ్యమని నిపుణులమైన మేము ఏకగ్రీవముగా తీర్మానించడమైనది' అని ప్రశంసాపత్రంలో రాసి, అందరం సంతకాలు పెట్టాం. నేనూ పెట్టాను. మొదటి బహుమతి గోడకి, రెండోది పిట్టకి.

సభ నాడు మంత్రిగారు ప్రశంసాపత్రం రెండుసార్లు చదివించుకుని విన్నారు. కప్పు మాత్రం తీసుకోలేదు, వెంట వచ్చిన ఇంజనీరు చేతికి ఇప్పించారు.

"ఫొటో ఇతను తీసిందే. మీ క్లబ్బు వెనక గోడ. పదేళ్ళదాకా ఢోకా లేదని ఒకటే పట్టు. మీ ఉద్దేశం కనుక్కుందామని పంపాను. నిపుణులంటే మీరయ్యా."

మేమెవరమూ ఏనాడూ గది వెనక్కి వెళ్ళినవాళ్ళం కాదు. సూర్యాస్తమయాలు పడమటి కిటికీలోంచే బాగా వస్తాయి.

"ప్రజల ప్రాణాలు నాకు ముఖ్యం," అన్నారు మంత్రిగారు. "ఇక్కడ మా అల్లుడు కట్టే లాడ్జి గట్టిగా ఉంటుంది."

మేం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత మా సామాను బయటపెట్టి గదికి తాళం వేశారు.

మంత్రిగారు తినకుండానే వెళ్ళారు గనక సభకని చెప్పిన అన్నం పొట్లాలన్నీ మిగిలాయి. మబ్బు విడిపోయి ఎండ మాడుస్తోంది. నీడ కోసం చూస్తే గది వెనకే ఉంది. డబ్బాలూ స్టాండ్లూ అక్కడికే మోసుకెళ్ళాం. సంగతి తెలిసి అక్క వచ్చింది. సామాను వంక చూసింది, బావ వంక చూసింది, పొట్లాలు విప్పి అందరి ముందూ పెట్టింది. నా వెనకే తాడు ఈడ్చుకుంటూ వచ్చిన మేక బీటలోని మొక్క తినడం మొదలెట్టింది. ఎవరూ కెమెరా తియ్యలేదు.

అందరం వీపులు గోడకి ఆనించి తిన్నాం.