ఆవిరి తాగిన రైఫిలు

మే నెల మొదటి శనివారం ఉదయం ఎనిమిది గంటలకు ముర్ లోయ వేట సంఘపు గురి మైదానంలో హాజరైనవారు, వచ్చిన వరుసలో, వీరు: సంఘం పెద్ద సెవెరిన్ పిచ్లర్, చంకలో రిజిస్టరుతో, డాక్టర్ కయెటాన్, పూటకూళ్ళ ఇంటి యజమానీ గురి పలకల సంరక్షకుడూ అయిన క్విరిన్, పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు ఎంగెల్బర్ట్ రాయింగర్, ఆయన వెనుక పొట్టి కాళ్ళ కుక్క ఫ్లెక్. మధ్యాహ్న భోజనానికి రొట్టె ఉండలు పట్టుకొని ఆయన భార్య రొస్విథా పన్నెండింటికి రావలసి ఉన్నది.

ఎంగెల్బర్ట్ ప్రణాళిక సులువైనది. నూరు మీటర్ల దూరాన అరచేయంత వలయంలో మూడు తూటాలు దించాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి, భోంచేయాలి. ఏటా ఈ పరీక్ష నెగ్గిన వారికే వేట. మూడు దఫాలూ తప్పితే ఆ ఏడు తుపాకీ గోడకే. పై పచ్చికలో మూడేళ్ళుగా ఆయన కనిపెట్టుకొని ఉన్న ముసలి మగ జింక ఈసారి రాయింగర్ వారి ఇంటి వంతుకు వచ్చింది. అది తప్పిపోతే డాక్టరుకు పోతుంది. ఆ డాక్టరు ఒకప్పుడు ఆయన దగ్గరే ఎక్కాలు అప్పజెప్పినవాడు.

ఆయన రైఫిలు తాతగారిది. పొట్టిది, బోల్టు తుపాకీ. గొట్టం కొస దాకా అక్రోటు కర్ర తొడిగినది. ముందురోజు సాయంత్రం ఆ కర్రకు నూనె పట్టించి, ఆరేందుకు వంటింట్లో పొయ్యి పక్క కొక్కేనికి తగిలించాడు. పొయ్యి మీద నలభై ఉండలు ఉడుకుతున్నాయి.

"అక్కడొద్దు బెర్టీ, ఆవిరి కొడుతోంది," అన్నది రొస్విథా.

"రెండు యుద్ధాల వానలు తట్టుకున్న తుపాకీ ఇది. నీ ఉండల ఆవిరికి జంకుతుందా?" అన్నాడాయన. వడ్రంగి కూతురైన ఆవిడ ఆ కర్ర వైపు ఒకసారి చూసి ఉండలు కలుపుకున్నది. ఆవిడకూ వేట కార్డు ఉన్నది. పదకొండేళ్ళుగా ఏటా రుసుము కట్టి నిలుపుకుంటున్నది. అది కుక్కను అడవిలో తిప్పేందుకని ఎంగెల్బర్ట్ నమ్మకం.

డాక్టరు, సెవెరిన్ తమ తమ మూడేసి తూటాలు వలయంలో దించారు. ఎంగెల్బర్ట్ మూడూ ఎడమకు జానెడు దూరాన పడ్డాయి.

"మాస్టారూ, ఒక కన్ను మూసుకోండి," అన్నాడు డాక్టరు.

"ఎందుకురా?"

"క్విరిన్ వాళ్ళ బోర్డు చదవండి చూద్దాం."

ఎంగెల్బర్ట్ రోడ్డవతల పూటకూళ్ళ ఇంటి బోర్డును చదివి, అందులో రెండు అక్షరదోషాలు కూడా ఎత్తి చూపాడు. కంటి దోషం కాదని తేలింది. క్విరిన్ మొహం ముడుచుకున్నది. తరువాత చేతి వంతు. అంచు దాకా నింపిన నీళ్ళ గ్లాసు పట్టించారు, చుక్క తొణకలేదు. ఇంత సేపూ రైఫిలు ఎండలో గోడకు ఆని ఉన్నది.

ఆయన తుపాకీ మీది దుర్బిణి మరలను కుడికి తిప్పి రెండో దఫా కాల్చాడు. మూడూ కుడికి పోయాయి.

"మరలు ముట్టుకోకు మాస్టారూ," అన్నాడు సెవెరిన్.

"నేను ముట్టుకోకపోతే ఎవడు ముట్టుకుంటాడు? అసలు ఆ పలకే వంకరగా ఉంది."

రసమట్టం తెచ్చి చూస్తే పలక నిజంగానే వేలెడు ఒరిగి ఉన్నది. ఎంగెల్బర్ట్ నిటారుగా నిలబడ్డాడు. "పలక వంకరైతే పొద్దుట రాసినవేవీ చెల్లవు. నిబంధన నిబంధనే."

నిబంధన అన్న మాట వింటే సెవెరిన్ టోపీ తీసే మనిషి. తనదీ డాక్టరుదీ రెండు పేర్లూ రిజిస్టరులో కొట్టేశాడు. పలక సరిచేయమంటే, "నా బోర్డులో తప్పులు, నా పలకలో తప్పులు. ఇంక మీరే చేసుకోండి," అని క్విరిన్ కొట్టంలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. సరిచేసిన పలక మీద డాక్టరు కోపంతో కాల్చి ఒకటి పోగొట్టాడు. నలభై ఏళ్ళలో ఎన్నడూ తప్పని సెవెరిన్‌ది కూడా ఒకటి అంచు దాటింది. మరలు మళ్ళీ ఎడమకు తిప్పి ఎంగెల్బర్ట్ కాల్చిన మూడో దఫా ఎక్కడ పడిందో ఎవరికీ తెలియలేదు. పన్నెండయ్యే సరికి ఆ లోయలో జింకను కాల్చే అర్హత ఉన్నవాడు ఒక్కడూ మిగలలేదు.

రొస్విథా గిన్నె దించి, నలుగురు పెద్దమనుషుల మొహాలూ చూడబోతే మూడే కనిపించాయి. సంగతంతా విని, సంచిలోంచి చీటీ ముక్క తీసి గొట్టానికీ కర్రకూ మధ్య జొనిపింది. ఎడమ వైపు సాఫీగా జారింది. కుడి వైపు కొస దగ్గర ఇరుక్కున్నది.

"వానాకాలం తలుపులా ఉబ్బింది. కుడి పక్కే కదా పొయ్యి వైపు ఉంది? కర్ర ఉబ్బి గొట్టాన్ని ఎడమకు తోసింది. ఎండకు ఆరేకొద్దీ వెనక్కి వస్తోంది. నువ్వేమో దాని వెంట మరలు పట్టుకుని పరిగెత్తావు."

"మరి పలక?" అన్నాడు ఎంగెల్బర్ట్ నీరసంగా.

"గోడ మీద పటం ఒరిగితే పటంలో మనిషి ముక్కు పక్కకు పోతుందా బెర్టీ? తినండి, చల్లారిపోతున్నాయి."

ఉండల వాసనకు కొట్టం గడియ దానంతట అదే ఊడింది. పలక దోషం లేదని తేలడంతో సెవెరిన్ తాను కొట్టేసిన రెండు పేర్లూ తిరిగి రాశాడు. అందరూ తిన్నంత సేపూ రైఫిలు ఎండలో పడుకున్నది. చివరకు చీటీ రెండు వైపులా జారింది.

"కానీ మాస్టారి మూడు దఫాలూ అయిపోయాయి," అన్నాడు సెవెరిన్. "నిబంధన..."

"నిబంధనే," అన్నాడు ఎంగెల్బర్ట్.

రొస్విథా చేతులు తుడుచుకున్నది. "నావి కాలేదుగా." కార్డు తీసి రిజిస్టరు మీద పెట్టి, తిప్పి తిప్పి పాడైన దుర్బిణిని రైఫిలు మీంచి ఊడదీసి భర్త చేతికిచ్చింది. గొట్టం మీది ఉత్త గురిముల్లుతో మూడు తూటాలు కాల్చింది. మూడింటినీ ఒక్క ఉండతో మూయవచ్చునని క్విరిన్ పలక దగ్గరి నుంచి అరిచి చెప్పాడు.

ఎంగెల్బర్ట్ దుర్బిణిని సంచిలో పడేశాడు. "ముసలి జింక గాలివాటున పసిగడుతుంది. తూర్పు గట్టు నుంచి వెళ్ళాలి," అన్నాడు మెల్లగా.

"నువ్వు దారి చూపించు. సంచీ కూడా నువ్వే మోద్దువుగాని."

ఆయనకు తన మీదే నవ్వొచ్చింది. జింక ఇంటి వంతు దాటిపోలేదు మరి.

సెవెరిన్ టోపీ తీసి, రిజిస్టరులో రాసి, బిగ్గరగా చదివాడు: "శ్రీమతి రొస్విథా రాయింగర్ ఉత్తీర్ణులు. ఒక రైఫిలునూ, ఇద్దరు సభ్యుల అర్హతనూ, భోజనాన్నీ కాపాడినందుకు సంఘం వారికి కృతజ్ఞత తెలుపుతున్నది. ఇకపై తుపాకులను వంటింట్లో ఆరవేయరాదన్న వారి సూచన ఏకగ్రీవంగా ఆమోదించబడినది. ప్రతిపాదించినవారు: ఎంగెల్బర్ట్ రాయింగర్."