గురునాథరావు రేవు మునిగింది

సముద్రం క్రేను నడుము దాకా వచ్చింది. లారీలు మునిగాయి. సిగ్నల్ ఆఫీసు డాబా మీద చవితికి నిలబెట్టిన వినాయకుడు కిరీటంతో సహా మాయమయ్యాడు. గాలి లేదు, వాన లేదు. ఆకాశం మాత్రం నీలంగా మెరిసిపోతోంది.

శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ ముందు నిలబడి గురునాథరావు తల పట్టుకున్నాడు. మునిగింది అతని సొంత రేవు.

అది 2009. గాజువాక దగ్గర క్రేను ఆపరేటర్ల శిక్షణ కేంద్రంలో అతను ఇన్‌స్ట్రక్టర్. కేంద్రానికి ఉన్న ఒక్క పాత క్రేనూ పనికిరాదని ఆ వేసవిలో మూలన పడేశారు. క్రేను లేనప్పుడు బ్యాచ్ ఎందుకని కమిటీ అడిగింది. అప్పుడు బావమరిది త్రినాథరావు ఇంటర్నెట్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ దింపిపెట్టాడు. దానితో ఎవరి లోకాన్ని వాళ్లే కట్టుకుని, ఎవరి కంప్యూటర్లో వాళ్లే నడుపుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు, లోపలి గుట్టంతా అందరికీ తెరిచే పెట్టారు. ఇంటి హాల్లో ఉన్న కంప్యూటర్లో గురునాథరావు ఓడలు ఆగే బెర్తులు కట్టాడు, క్రేన్లు నిలబెట్టాడు. ఎక్కడివాళ్లో, ముఖమైనా తెలియదు, ఇంత పని చేసి ఊరికే ఇచ్చారు. రోజూ ఆ కంప్యూటర్ ఆన్ చేస్తూ వాళ్లకో దండం పెట్టుకునేవాడు.

కాసేపట్లో కమిటీ చైర్మన్ గంగాధరరావు వచ్చి ఆ రేవును శిక్షణ కేంద్రం తెర మీద చూస్తారు. నచ్చితే బ్యాచ్ ఉంటుంది. నచ్చకపోతే అందరూ ఇంటికే. మౌసు పట్టుకుని కూర్చున్న ఆశాజ్యోతి, క్రేను నేర్చుకోవాలనే అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పని మానేసి వచ్చింది.

"సార్, నా మనిషిబొమ్మ ఆ క్రేను కేబిన్లోనే ఉండిపోనాది. దిగితే ములిగిపోద్ది" అంది.

సముద్రం మట్టం మార్చే హక్కు యజమాని ఖాతాకే ఉంది. గురునాథరావు ఆ ఖాతా తెరవబోయాడు. ఈ ఖాతా ఇప్పటికే వాడుకలో ఉందని తెర చెప్పింది.

ఎవరో లోపల ఉన్నారు!

వెంటనే త్రినాథరావుకు ఫోన్ కొట్టాడు. "బావా! నా సముద్రాన్ని ఏటి సేసినావ్?"

"నానా? నాను పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలేరుకుంతన్నాను బావా. నీ సముద్రంతో నాకేటి పని?"

"నా ఖాతాలో ఎవడో దూరీసి కూకున్నాడు. ఆడు దొరికితే భీమిలి తీసుకెళ్లి సముద్రంలో ముంచీస్తాను!"

"తరవాత ముంచుదువు గానీ, నీళ్లు దించలేకపోతే భూమిని లేపీ. మీ హాల్లో సర్వర్లో, ఆ కంప్యూటర్లోనే, ఆదేశాలు కొట్టే నల్ల కిటికీ ఉంటది. అక్క సేత అందులో కొట్టించు."

గురునాథరావు ఇంటికి ఫోన్ చేశాడు. భార్య కామేశ్వరి గారెల పిండి రుబ్బుతోంది.

"ఇప్పుడేటి కొట్టడం? సేతులనిండా పిండి!"

"పిండితోనే కొట్టీ!"

కొట్టింది. భూమి లేచింది. క్రేన్లు మాత్రం లేవలేదు. భూమిని లేపితే దాని మీద ఉన్నవి వాటంతట అవి లేవవన్న సంగతి త్రినాథరావు చెప్పలేదు. క్రేన్లు నడుము దాకా మట్టిలో కూరుకుపోయాయి. లారీల జాడే లేదు.

"దించీ! దించీ!" అని అరిచాడు గురునాథరావు.

కామేశ్వరి దించబోయింది. పిండి అంటిన సున్నా మీట కిందికి దిగి మళ్లీ పైకి రాలేదు. సున్నాలు పడుతూనే ఉన్నాయి. భూమి పాతాళానికి వెళ్లిపోయింది. ఆధారం పోయిన లారీలు నీళ్లలో చేపల్లా వేలాడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. గంగాధరరావు, వెనకే కమిటీ.

"ఏమండీ, రేవు చూపిస్తామన్నారు. రేవేదీ?"

గురునాథరావు వాళ్లకు కుర్చీలు చూపించాడు.

"తుఫాను సార్" అంది ఆశాజ్యోతి, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఖాళీ కొక్కేన్ని పైకి లాగింది. నీళ్ల మీదికి చాచి ఉన్న క్రేను చేతిని నిటారుగా ఎత్తి తాళం వేసింది. కరెంటు ఆపింది. తన బొమ్మను కేబిన్ బయటికి తెచ్చి, రెండు చేతులూ చాపించి, అన్ని పనులూ ఆపమని సంజ్ఞ చేయించింది.

గంగాధరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను పోర్టులో ఉన్నప్పుడు ఓ తుఫాన్లో ఆపరేటర్లు క్రేను చెయ్యి ఎత్తకుండానే దిగి పారిపోయారండి. తెల్లారేసరికి క్రేను లేదు. వాళ్లనేం అనగలం? మనం నేర్పలేదు. ఈ పాఠం చెప్పడానికి అసలు రేవును ఎవరు ముంచుతారు చెప్పండి? బ్యాచ్ నడపండి."

ఆశాజ్యోతి చున్నీతో కళ్లు ఒత్తుకుంది. గురునాథరావు ఏ దిక్కుకు తిరగాలో తెలియక, ముఖం తెలియని ఆ సాఫ్ట్‌వేరు వాళ్లకు కిటికీ వైపు తిరిగి దండం పెట్టాడు.

"రేవును ముంచాలన్న ఆలోచన ఎవరిదండీ? మినిట్స్‌లో రాయాలి" అన్నారు గంగాధరరావు.

ఫోన్ మోగింది. కంగారులో గురునాథరావు వేలు స్పీకర్ మీద పడింది.

"ఏటండీ, మీ దొంగ దొరికింది!" కామేశ్వరి గొంతు గదంతా వినిపించింది. "చవితెళ్లి ఇన్నాళ్లైనా వినాయకుణ్ని నీళ్లలో కలపనేదంట. ఇయ్యాల పెద్దోళ్లొస్తంటే అరిష్టమంట. నిన్న సాయంత్రం తోసిందంట, లాగిందంట, దేవుడు కదల్లేదంట. మీరే కదా కదలకుండా బిగించినారు! అందుకని కిరీటం ములిగేదాకా సముద్రాన్నే లేపీసింది. వెనక గదిలో రెండో కంప్యూటర్లో మీరు మీ ఖాతా తెరిచి ఒగ్గేసినారు కదా, దాన్ని ఆపకుండానే ఎల్లి పడుకుంది."

"ఎవలే?"

"ఇంకెవలు, మా యమ్మ! మీరేటన్నారో తమ్ముడు సెప్పినాడు. భీమిలి ఎప్పుడు తీసుకెళ్తన్నారు?"

గురునాథరావు ఫోన్ పెట్టేశాడు. గంగాధరరావు పెన్ను విప్పారు.

"ఆవిడ పేరు?"

గురునాథరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వెంకటరమణమ్మ గారండి."

"హోదా?"

"అత్తగారండి."