పాస్తా వార్చిన దీపం

ఆ శనివారం పొద్దున ఒట్టావియో వేసుకున్న పథకంలో పాస్తా ఊసే లేదు. కాఫీ తాగాలి, దీపానికి మెరుగు పెట్టాలి, దాన్ని భోజనాల బల్లకు పైన వేలాడదీయాలి, కవలియేరే బిరుదున్న ట్రబుక్కి గారు గుమ్మంలో అడుగు పెట్టగానే స్విచ్ వేయాలి. అంతే. వంట సంగతి అమ్మ ఎర్సిలియా చూసుకుంటుంది.

మా ఒమేన్యా ఊళ్లో సరస్సు ఒడ్డున ఏ ఇంటికి వెళ్లినా ఒకడు గిన్నెల కార్ఖానాలో పనిచేస్తుంటాడు, ఇంకొకడు ఆ గిన్నెల్ని మరోలా ఎందుకు చేయకూడదా అని బుర్ర బద్దలు కొట్టుకుంటూ ఉంటాడు. ఒట్టావియో రెండో రకం. అతను చేసిన కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు చెవులకు తగులుతాయి. అతని పూలకుండీలో నీళ్లు పోస్తే ఈల వేస్తుంది. చూసిన వాళ్లంతా ఆహా అన్నారు గానీ, మేం తయారు చేస్తామని ఒక్కరూ అనలేదు. ఇక మిగిలింది ఈ దీపం. పెద్ద కార్ఖానా యజమాని ట్రబుక్కి గారికి ఇది నచ్చితే ఒట్టావియో నిలబడ్డట్టే. నచ్చకపోతే సోమవారం నుంచి బావమరిది కుళాయిల ఫ్యాక్టరీలో ఫోన్లు ఎత్తాలి. భార్య లొరెదానా తన అన్నకు ఆ మాట ముందే ఇచ్చేసింది.

దీపం మాత్రం నిజంగానే బాగుంది, అబద్ధమెందుకు! గుండ్రటి రాగి డిప్ప, దాని నిండా సన్నటి చిల్లులు, లోపలివైపు జిగురుతో అతికించిన బంగారు రేకు. వెలిగిస్తే గోడలన్నీ తేనెరంగులోకి మారిపోయేవి. ఒట్టావియో దాని పైభాగాన్ని నిమ్మచెక్కతో రుద్ది, తుడిచి, వంటింటి గట్టు మీద ఆరబెట్టాడు. భోజనాల గదిలో నిచ్చెనెక్కి కరెంటు తీగ సరిచేసుకుంటున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. "సరస్సు మలుపు దాటాను. పాస్తా వేసేయండి!" అన్నాడు ట్రబుక్కి గారు.

మా వైపు భోజనానికి వచ్చే ఏ మనిషైనా దారిలోంచి చెప్పే మాట అదే. చెప్పగానే మరిగే నీళ్లలో వేయాలి, పలుకు ఉండగానే వార్చాలి. కాస్త మెత్తబడిందా, ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే. ఎర్సిలియా వేసింది. వార్చే వేళకు చూస్తే చిల్లుల గిన్నె కొక్కేనికి లేదు.

"లొరెదానా! నా గిన్నె ఏదే?"

"సలాడ్ ఆకులు కోస్తున్నా అత్తయ్యా! అందులోనే వేశా!" పెరట్లోంచి కేక వినిపించింది.

"తే ఇటు!"

"వస్తున్నా!"

"ఎప్పుడు? ఇది జావ అయ్యాకా?"

ఎర్సిలియా చుట్టూ చూసింది. గట్టు మీద చిల్లులున్న వస్తువు ఒకటి తళతళలాడుతూ కనబడింది. దేవుడున్నాడనుకుంది.

దీపం కోసం వంటింట్లోకి వచ్చిన ఒట్టావియో గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"అమ్మా... అదేంటి?"

"కనబడట్లేదా? చిల్లుల గిన్నె."

"అది దీపం!"

"దీపానికి చిల్లులెందుకురా?"

"వెలుగు రావడానికి!"

"నీళ్లు కూడా బాగానే వచ్చాయి."

ఒట్టావియో వంగి చూశాడు. వేడినీళ్లకు జిగురు కరిగిపోయింది. బంగారం మొత్తం పాస్తాకు పట్టింది. పోగుపోగునా మెరుస్తోంది. అంతలో వీధిలో కారు హారన్ మోగింది.

లొరెదానా గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. పాత ఇనుప గిన్నె, అక్కడక్కడా పూత లేచిపోయింది, మూడు పొట్టి కాళ్లు, రెండు చెవులు. ఒట్టావియో దాన్ని లాక్కుని, ఆకులు బల్ల మీద కుమ్మరించి, నిచ్చెనెక్కి, మధ్య చిల్లులోంచి తీగ దూర్చి బోర్లా వేలాడదీసి బల్బు బిగించాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"దీపం పెడుతున్నా."

"అది అత్తయ్య గిన్నె!"

"ఆయన వెళ్లేదాకా దీపమే. నోరు మెదపకు."

ట్రబుక్కి గారు వచ్చాడు. భారీ మనిషి, అంతకంటే భారీ మీసం. ఒట్టావియో కిటికీ తలుపులు మూసి స్విచ్ వేశాడు. ఆయన తలెత్తి చూశాడు. ఎంతసేపటికీ తల దించలేదు. ఎర్సిలియా పళ్లేల్లో వడ్డించేసింది. వార్చిన పాస్తాను పారబోయడం ఆమె వంశంలోనే లేదు.

"సిన్యోరా, ఇది మెరుస్తోందే?" అని ఎర్సిలియాను అడిగాడు ట్రబుక్కి గారు.

"కుంకుమపువ్వు."

"కుంకుమపువ్వు పళ్లకు అంటుకుంటుందా?"

"మంచి రకమైతే అంటుకుంటుంది," అంది ఎర్సిలియా, రెప్ప వేయకుండా.

ఆయన మరో ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. ఎదుటి గోడ మీద దూడంత నీడ. దానికి రెండు కొమ్ములు. మెల్లగా కదులుతోంది. లొరెదానా కెవ్వుమంది. ట్రబుక్కి గారు లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకున్నాడు.

"అది... నడుస్తోంది!"

"అవునండీ," అన్నాడు ఒట్టావియో. "నడుస్తుంది." ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది.

నీడ గోడ చివరిదాకా నడిచి మాయమైంది. మరుక్షణం గిన్నె అంచు మీదినుంచి నత్త ఒకటి జారి, టప్పున ట్రబుక్కి గారి వైన్ గ్లాసులో పడింది. దాని వెనకే ఒక సలాడ్ ఆకు.

ట్రబుక్కి గారు నిచ్చెన తెప్పించుకుని, ఎక్కి, గిన్నె అడుగును వేలితో తుడిచి చూశాడు. ఒట్టావియోకు చెవుల్లో అప్పుడే కుళాయిల ఫ్యాక్టరీ ఫోన్లు మోగడం మొదలైంది.

"ఇది మా కార్ఖానా ముద్ర. మా నాన్న చేసిన గిన్నె," అన్నాడాయన.

"నా పెళ్లికి కొన్నది," అంది ఎర్సిలియా. "బంగారంలాంటి వస్తువు. దీన్ని చేయడం ఆపేసిన దద్దమ్మ ఎవడోగానీ..."

"నేనే."

ఒట్టావియో కళ్లు మూసుకున్నాడు.

"ఎవరూ కొనట్లేదని ఆపేశాను సిన్యోరా," అన్నాడు ట్రబుక్కి గారు. "ఇన్నేళ్లూ దీన్ని పైనుంచే చూశాను. కిందనుంచి చూస్తే ఇంత బాగుంటుందని మా నాన్నకైనా తెలుసో లేదో! దీన్ని దీపంగా మళ్లీ చేస్తా. మీ అబ్బాయి పేరు వేస్తా. సరే, నాకు చూపిస్తానన్న దీపం ఇదైతే కాదు కదా! అదెక్కడ?"

దాచి లాభం లేదు. ఎర్సిలియా రాగి డిప్ప తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఒక్క పోగు కూడా అతుక్కోలేదే!"

"చుక్క నీరు నిలవలేదు," అంది ఎర్సిలియా. "నా జన్మలో ఇంత చక్కగా వార్చింది లేదు."

"అయితే ఇది చిల్లుల గిన్నెగా చేద్దాం. దీని మీద మీ పేరు, సిన్యోరా."

"అది దీపమండీ!" ఒట్టావియో అరవబోయాడు. బల్ల కింద లొరెదానా అతని కాలు గట్టిగా తొక్కింది. అన్నయ్యకు తనే ఫోన్ చేసి, ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పడానికి వెంటనే లేచింది.

"బంగారం మాత్రం వద్దు," అన్నాడు ట్రబుక్కి గారు, నాలుకతో పళ్లు సవరించుకుంటూ. "ఎంత మంచి రకమైనా."

నమూనాలుగా రెండూ ఆయన కారెక్కి వెళ్లిపోయాయి. మర్నాడు ఆదివారం ఆ ఇంట్లో బియ్యంతో చేసే రిసోట్టో వండుకున్నారు, దానికి వార్చే పని ఉండదు కాబట్టి.