గోవర్ధన్ చేయని రాస్తారోకో

ఆ బుధవారం పొద్దున గోవర్ధన్ అనుకున్న పనుల్లో రాజకీయం లేదు. ఎండ ముదరకముందే ఇంటి ముందు పడుగు సాగదీసి గంజి పెట్టాలి, ఆరేదాకా కుంచెతో దువ్వాలి, చుట్టి ఇంట్లో పెట్టి నర్సింహులు టీ హోటలుకు పోయి పేపరు చదవాలి. చదవడమంటే తనలో తాను చదువుకోవడం కాదు. గద్వాలలో ఆ నేతగాళ్ల గేరికి, అంటే వీధికంతటికీ పేపరు వినిపించేది అతనే. హైదరాబాదు మంత్రివర్గం నుంచి జిల్లా పేజీలో తప్పిపోయిన బర్రె దాకా గొంతు సవరించుకుని, కామాల దగ్గర ఆగి, వీధి చివరికి వినిపించేలా చదివేవాడు. "పొట్టకోసం మగ్గం, పుట్టినందుకు పేపరు" అని చెప్పుకునేవాడు. చీరలు అందరూ నేస్తారు, లోకం సంగతి పదిమందికి చెప్పడానికే దేవుడు తనను పుట్టించాడని అతని నమ్మకం. పేపర్లో పడ్డదాన్ని ఎవరైనా అనుమానిస్తే ఆ పూట వాళ్లతో మాట్లాడేవాడు కాదు.

పడుగంటే చీరలోని నిలువు పోగులు. వాటన్నిటినీ గేరి ఈ చివర నుంచి ఆ చివరికి గుంజల మధ్య బిగించి తడి గంజి పట్టించాక, ఇక ఎవరొచ్చినా కదపడానికి వీల్లేదు. పోగులు ఒకదానికొకటి అతుక్కుంటే చేసిన చాకిరీ అంతా మట్టిపాలే. అందుకే పడుగు వేసిన పూట ఎద్దుల బండి కూడా అటు రాదు, చుట్టు తిరిగి పోతుంది. ఈ సంగతి ఊళ్లో పసిపిల్లలకు తెలుసు. హైదరాబాదు డ్రైవరుకు తెలియదు.

ఆ డ్రైవరు మంత్రిగారి డ్రైవరు. బజారులో కట్టిన స్వాగత తోరణం కూలి దారి మూసుకుపోతే, అడ్డదారి అనుకుని మూడు జీపుల్నీ తెచ్చి గేరిలో దూర్చాడు. గోవర్ధన్ కుంచె పడేసి, రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తాడు. "ఆగుండ్రి! ఆగుండ్రి సారూ! ఎనకకు వోండ్రి! గంజి ఆరలే!" అతని వెనకే భార్య కమల, ఇరుగుపొరుగు ఆడామగా కుంచెలతోనే వచ్చి నిలబడ్డారు. మంత్రి తల బయటపెట్టి, ఇంకా చీర కాని ఆ పోగుల్ని చూసి "చీర బాగుందయ్యా" అన్నాడు. జీపులు వెనక్కి మళ్లాయి. గోవర్ధన్ ఊపిరి పీల్చుకుని మళ్లీ కుంచె అందుకున్నాడు.

మర్నాడు పొద్దున హోటల్లో పేపరు విప్పి, ఎప్పటిలాగే గొంతెత్తాడు.

"మంత్రికి చుక్కెదురు! గద్వాలలో నేతన్నల ఆగ్రహం!" జనం దగ్గరికి జరిగారు. "కర్రలు, కుంచెలు చేతబట్టిన చేనేత కార్మికులు మంత్రిగారి జీపును అడ్డుకుని మెరుపు రాస్తారోకో జరిపారు. వెనక్కి పోవాలంటూ నినాదాలు మిన్నంటాయి. భేష్!" ఆ భేష్ పేపర్లో లేదు, అతని సొంతం. "ఈ ఆందోళనకు సారథ్యం వహించిన చేనేత నాయకుడు గోవర్ధన్..."

అక్కడ కామా లేకపోయినా ఆగాడు.

"ఏ గోవర్ధన్ రా?" అని అడిగాడు పక్కింటి కిష్టయ్య.

"నేనే ఉన్నట్టున్న."

"నువ్వు నినాదాలు ఎప్పుడిచ్చినవ్ రా?"

"నేనియ్యలే! గంజి ఆరలేదన్న! గంతే!"

గేరిలో అందరికంటే పెద్దవాడు గోపాలయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "గోవర్ధనూ, నిన్న మేమందరం ఆడనే ఉంటిమి గాబట్టి ఇది అబద్ధమని తెల్సింది. మేము లేని తాన జరిగినయి ఇన్నేండ్ల సంది సదివినవ్ గద. అవ్వి గూడ గిట్లనేనా?"

 కిష్టయ్య ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "నువ్వు సదివితేనే గద పోయిన ఎలచ్చన్ల గుర్తు మార్చి గుద్దిన! మా అన్నకూ నాకూ ఇప్పటిదాంక మాటల్లేవు!"

గోవర్ధన్‌కు ఒళ్లు మండిపోయింది. తన పేరు చెడగొట్టినందుకు కాదు. ఇన్నేళ్లూ తను గేరికి లోకాన్ని వినిపించాననుకుంటే, ఎవడో కూర్చుని అల్లిన కట్టుకథలకు మైకుసెట్టులా మోగాడన్నమాట! పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఆ వార్త రాసిన ఊరి విలేకరి బాలస్వామి మీదికి బయల్దేరాడు. గేరి మలుపు దాటకముందే వనపర్తి నుంచి వచ్చిన ప్రతిపక్షం నాయకుడొకడు కారు దిగి అతని మెడలో బంతిపూల దండ వేశాడు.

"మీలాంటోళ్లే గావాలె మా పార్టీకి!"

"అయ్యా, అది పడుగు..."

"చూసిండ్రా! జేసిన పనిని గూడ చెప్పుకోడు. గిదీ త్యాగమంటే!" అని నాయకుడు చప్పట్లు కొట్టించాడు. కారులో అతనితోపాటు వచ్చిన ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. ఆ ఫొటోగ్రాఫరే బాలస్వామి. ఫొటో స్టూడియో అతని జీవనోపాధి, విలేకరి పని అతని హోదా.

గోవర్ధన్ దండ తీసి అతని చేతిలో పెట్టి అక్కడికక్కడే కడిగేశాడు. "ఏం సూసి రాసినవయ్యా నువ్వు?"

"నేను ఆఖరి జీపుల ఉంటినన్నా. దుమ్ముల నీ చేతులు పైకి లేసినయి కనవడ్డది, ఎనకకు వోండ్రి అన్నది ఇనవడ్డది. మిగిలింది నేనే సదురుకున్న. మంత్రి వచ్చిండు, పోయిండు అని రాస్తే జిల్లా పేజీల ఎవడేస్తడే?"

"పడుగును సూసి రాస్తారోకో అంటవా? కండ్లున్నయా నీకు? అది తప్పని రేపటి పేపర్ల రాయి!"

బాలస్వామి బుద్ధిమంతుడు, రాశాడు. మర్నాటి శీర్షిక ఇది: "ఒత్తిళ్లకు తలొగ్గిన గోవర్ధన్! రాస్తారోకో చేయలేదని బుకాయింపు." పక్కనే దండతో ఫొటో.

ఇంతవరకూ పోయింది గోవర్ధన్ మర్యాద ఒక్కటే. ఆ సాయంత్రం గేరి నోటి దగ్గరి కూడే పోయింది. ఊళ్లో ఒక ఆఫీసరున్నాడు. ఏ ఆఫీసన్నది మనకెందుకు, బల్ల వెనక కూర్చునేవాడు. ఊరి సంగతులు ఊళ్లో తిరిగి తెలుసుకోవడం చిన్నతనమనుకుని పేపరు చూసి తెలుసుకునేవాడు. రెండు రోజుల పేపర్లూ చదివి డప్పు చాటింపు వేయించాడు: ఇకమీదట వీధుల్లో పడుగులు వేయరాదు, వేస్తే జప్తు.

ఇళ్లలో పడుగు సాగదీసేంత చోటు ఎవరికుంది? పడుగు లేనిదే మగ్గం మీద పోగు లేదు, పోగు లేనిదే పొయ్యి మీద కుండ లేదు. గోవర్ధన్ పరుగున పోయి ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాడు. ఆఫీసరు చిరాగ్గా పేపరు మీద వేలితో కొట్టాడు. "పేపర్లో ఉంది కదయ్యా. మళ్లీ నువ్వు చెప్పేదేమిటి?"

మూడు రోజుల్లో గేరిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. కమల ఖాళీ మగ్గం వైపు చూసి, మొగుడి వైపు చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ ఏమీ అనకపోవడాన్ని గోవర్ధన్ తట్టుకోలేకపోయాడు. గేరినంతా పోగుచేశాడు.

"జెయ్యని రాస్తారోకోకు శిక్ష వడనే పడ్డది. ఇగ జేసే సూపిద్దాం రాండ్రి!"

ఆఫీసరు మీటింగు కోసం నాగర్‌కర్నూలు వెళ్లిన రోజది. గేరి జనమంతా కొత్తకోట బస్సులు పోయే రోడ్డు మీదికి వచ్చి, ఈ పక్క నుంచి ఆ పక్కకు పొడి పడుగు ఒకటి బిగించి, దాని ముందు బైఠాయించారు. రెండు పక్కలా బస్సులు, లారీలు బారులు తీరాయి. కండక్టర్లు తిట్టారు, పెళ్లికి పోతున్నవాళ్లు శాపనార్థాలు పెట్టారు. గోవర్ధన్ గొంతు పోయేదాకా నినాదాలిచ్చాడు. పుట్టి ఇన్నేళ్లయ్యాక తనెందుకు పుట్టాడో ఆ రోడ్డు మీద అతనికి మొదటిసారి స్పష్టంగా తెలిసినట్టనిపించింది. మధ్యాహ్నం బాలస్వామి వస్తే చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చాడు.

"సక్కగ సూడు. గంజి ఉన్నదా? కుంచె ఉన్నదా? ఇది రాస్తారోకో. రాసుకో!"

"రాస్తున్ననన్నా, రాస్తున్న."

మర్నాడు గేరంతా హోటలు ముందు చేరింది. గోవర్ధన్ పోయిన గొంతుతోనే అందుకున్నాడు. "పడుగు పనుల్లో నేతన్నల సందడి. కొత్తకోట రోడ్డుపై పడుగు సాగదీసినా రాకపోకలకు ఎలాంటి ఇబ్బందీ కలగలేదు. ప్రయాణికులు బస్సులు దిగి ఆసక్తిగా తిలకించారు."

శుభవార్త చెప్పడానికన్నట్టు బాలస్వామి సైకిలు దిగాడు. "అచ్చయ్యిందా అన్నా? పోయినసారి పడుగును రాస్తారోకో అన్ననని తిడితివి గద. మా ఆఫీసోళ్లు గూడ తిట్టిండ్రు. అందుకే ఈసారి సొంతంగ ఏమీ కలపలే. పడుగు కనవడ్డది, పడుగనే రాసిన. జనం బస్సులు దిగి నిలవడి సూస్తున్నది కనవడ్డది, అదే రాసిన."

గోవర్ధన్ పేపరును ఉండ చుట్టాడు. అంతలోనే మళ్లీ డప్పు మోగింది. నాగర్‌కర్నూలు నుంచి తిరిగొచ్చిన ఆఫీసరు పొద్దున్నే పేపరు చూశాడట. పడుగులతో రాకపోకలకు ఇబ్బంది లేదని తేలింది కాబట్టి నిషేధం ఎత్తివేశాడట. గేరిలో ఒక్కటే కేకలు. కిష్టయ్య బాలస్వామిని ఎత్తుకుని తిప్పాడు.

గోవర్ధన్ మాత్రం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను మహబూబ్‌నగర్ వోత. వాళ్ల ఆఫీసులనే నిలదీస్త. మేము జేసింది రాస్తారోకోనే అని అచ్చెయ్యమంట."

కేకలు ఆగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి గేరి మలుపులో, గోడకూ గోడకూ మధ్య నిలబడ్డారు. అందరికంటే ముందు కమల.

"ఎందుకయ్యా పోవుడు?"

"నిజం చెప్పనీకి."

"చెప్తే మల్ల డప్పు మోగుతది."

"మరి అబద్ధం మీద బతుకుదమానే?"

"మొన్న వాళ్ల అబద్ధంతోటే పస్తుంటిమి. ఇయ్యాల వాళ్ల అబద్ధంతోటే బువ్వ తింటం. రెండిట్ల మనం రాసింది ఏది? మనల అడిగి రాసింది ఏది?" కమల చేత్తో రోడ్డు వైపు చూపింది. "పోయి చెప్పు, పో. నీ నిజానికి గేరిల ఎన్ని పొయ్యిలు ఆరాలె?"

గోవర్ధన్ కళ్లలో కోపంతో నీళ్లు తిరిగాయి. "నిజం చెప్పకుంటే నేనెందుకు పుట్టినట్టే?"

"అది మెల్లగ తెల్సుకుందువు. ఎండ ముదురుతున్నది, ముందు పడుగు వెయ్యాలె, ఆ కొస వట్టు."

గోవర్ధన్ మలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత తువ్వాలు నడుముకు బిగించి పడుగు కొస పట్టుకున్నాడు. ఎదుటి కొస పట్టుకున్న గోపాలయ్య మెల్లగా అడిగాడు. "రేపు పేపరు సదువుతవా, బందు వెడ్తవా?"

"సదువుత. గని రాసినోడు యాడ నిలవడి సూసిండో ఒక్కొక్కదానికి అడుగుకుంట సదువుత."

గేరి జనం తమ మనిషినే ఎక్కడికీ పోనివ్వకుండా దారి కట్టిన రోజు నిజంగా అదొక్కటే. అది ఏ పేపర్లోనూ రాలేదు.